కెమెరా తిరగని వైపు: గోదావరి డెల్టాలో వ్లాగర్ల స్వతంత్రత

గోదావరి డెల్టాలో ఒక ఊరి సంగతి తెలుసుకోవాలనుకునేవారు ఇప్పుడు దినపత్రిక జిల్లా పేజీ కన్నా ముందు ఫోనులో వచ్చే వీడియోనే చూస్తున్నారు. ఆత్రేయపురంలో పూతరేకు తీసే పద్ధతి, దిండిలో రిసార్టు గది అద్దె, భీమవరం చుట్టుపక్కల సంక్రాంతి కోడిపందేల బరుల హంగు, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం, వంద కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్య ధర అన్నీ ఒకే తెర మీద, చాలాసార్లు ఒకే మనిషి గొంతులో వినిపిస్తున్నాయి. ఈ వీడియోలు తీసే వ్లాగర్లను కొందరు పత్రికలు వదిలేసిన చోటును పూరిస్తున్న స్వతంత్ర మాధ్యమంగా మెచ్చుకుంటారు. మరికొందరు డబ్బిచ్చినవాడికి బాకా ఊదేవాళ్లని కొట్టిపారేస్తారు. రెండూ మనిషి గుణం మీద ఇచ్చిన తీర్పులే. గుణం మాట పక్కనపెట్టి వీడియోలను వరుసగా చూస్తే, సోమవారం నిక్కచ్చి విలేకరిలా ప్రశ్నించిన వ్లాగరే శనివారం అచ్చమైన ప్రచారకర్తగా కనిపించడం ఇక్కడ మామూలు విషయం. అతను ఎప్పుడు ఎలా ఉంటాడన్నది ముఖ్యంగా రెండు సంగతుల మీద ఆధారపడుతుంది: ఆ విషయంలో డబ్బు ఇవ్వగలిగినవాడు ఉన్నాడా, కోపం వస్తే ఇబ్బంది పెట్టగలిగినవాడు అదే మండలంలో కాపురముంటున్నాడా.

తెలుగులో బ్లాగులు విరివిగా వచ్చిన 2000ల రెండో సగంలో ఈ ప్రశ్న ఇంత పదునుగా లేదు. బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే కూడలి, జల్లెడ వంటి సంకలినుల్లో కనిపించిన బ్లాగరుల్లో చాలామందికి వేరే ఉద్యోగం, వేరే జీతం ఉండేవి. రాయడం వల్ల రూపాయి రాదు, రాయకపోతే పోయేదీ లేదు. వాళ్ల స్వతంత్రతకు సగం కారణం ఆ జీతమేనని ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అనిపిస్తుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి మొబైల్ డేటా చవకయ్యాక చదివేవారి కన్నా చూసేవారు పెరిగారు. తీరిక వేళల్లో చేసే పని కాస్తా కుటుంబాన్ని పోషించే వృత్తి అయింది.

ఆ వృత్తికి ఆదాయం ఎలా వస్తుందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ సమయం ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు (పొట్టి వీడియోలకు) కోటి వ్యూస్ రావాలి. అర్హత వచ్చాక పెద్ద వీడియోల మీద వచ్చే ప్రకటనల సొమ్ములో 55 శాతం చానల్‌కు చేరుతుంది. ప్రకటనదారులు ఇంగ్లీషు ప్రేక్షకుడికి కట్టే వెల తెలుగు ప్రేక్షకుడికి కట్టరు. అందులోనూ కోనసీమ, పశ్చిమ గోదావరి సంగతులకే పరిమితమైన చానల్‌కు ప్రేక్షకుల సంఖ్యకే ఒక హద్దుంది. ఆ వాటాతో కెమెరా, డ్రోన్, పెట్రోలు, ఎడిటింగ్ ఖర్చులు గట్టెక్కడమే కష్టం. మిగతాది ప్రమోషన్ల నుంచి రావాలి. ప్రమోషన్ ఇచ్చేవారు ఎవరంటే చీరల షాపింగ్ మాల్, బంగారం కొట్టు, బిర్యానీ హోటల్, కార్పొరేట్ కాలేజీ, సంతాన సాఫల్య కేంద్రం, ప్లాట్ల వెంచర్, రొయ్యల మేత కంపెనీ. డెల్టాలో డబ్బు చేతులు మారే చోట్లలో చాలా భాగం ఈ జాబితాలోనే ఉంది. ప్రజలు నిజం తెలుసుకోవాల్సిన చోట్లు కూడా ఇవే.

తిండి వీడియోల దగ్గర ఈ ఇబ్బంది తేలికగా కనిపిస్తుంది. పులసనే తీసుకుందాం. సముద్రంలో ఇలసగా ఉన్న చేప వరదల కాలంలో గోదావరి ఎర్రనీటికి ఎదురీదుతూ ధవళేశ్వరం వైపు వచ్చేసరికి రుచి మారి పులస అవుతుందని, పుస్తెలమ్మి అయినా తినాలని అనడం ఇక్కడ పుట్టినవారందరికీ తెలిసిందే. దాని కాలం దాదాపు జూలై నుంచి సెప్టెంబరు వరకు. దొరికేది తక్కువ, ధర వేలల్లో ఉంటుంది. అయినా సంక్రాంతికి ఊరొచ్చిన వ్లాగరు ఒక హోటల్లో కూర్చుని, మట్టి దాకలోంచి ముక్క తీసి, కళ్లు మూసుకుని, ఇదే అసలైన గోదావరి పులస అని చెప్పే వీడియోలు కనిపిస్తాయి. జనవరిలో పులస ఎక్కడిదన్న ఒక్క ప్రశ్న వేస్తే ఆ వీడియో సమీక్ష అయ్యేది. ఇది ఒడిశా నుంచో బెంగాల్ నుంచో ఐసులో వచ్చిన ఇలసా, వరద రోజుల్లో పట్టి దాచిన చేపా అన్నది యజమాని చెప్పాల్సి వచ్చేది. ఆ ప్రశ్న రాలేదంటే వ్లాగరుకు తెలియక కాదు. అతను గోదావరి జిల్లాలవాడే అయితే వంటవాడి కన్నా బాగా తెలిసి ఉంటుంది. 2023లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఆత్రేయపురం పూతరేకుల విషయమూ ఇంతే. పొర ఎంత పలచనో దీపం వెలుగులో పట్టి చూపిస్తారు గానీ, లోపల పూసింది నెయ్యా డాల్డానా అని అడిగినవారు అరుదు.

తిండి విషయంలో మోసపోతే పోయేది కొన్ని వందలో వేలో. కోనసీమ అందాల వీడియోలతో జరిగే నష్టం దానికన్నా లోతైనది, పైకి కనిపించనిది. మరో కేరళ అన్న మాట, పైనుంచి డ్రోన్ చూపే కొబ్బరి తోటల పచ్చదనం, కాలువలో పడవ, వెనకాల ఒక పాట. ఇందులో అబద్ధం ఏదీ లేదు. అయితే అదే రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ (మురుగు కాలువ) వెంట పోటు సమయంలో ఉప్పునీరు ఎగదన్ని, కాపు కాస్తున్న కొబ్బరి చెట్లు మొవ్వు ఎండి మోడుబారాయి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి నాట్లు వేయకపోవడం, దాని మీద రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేయడం ఈ నేల చరిత్రలో చిన్న సంగతులు కావు. మురుగు కాలువల పూడిక అప్పటి ఫిర్యాదుల్లో ఒకటి. పదేళ్లు దాటాక 2022లోనూ కొన్ని మండలాల్లో పంట విరామం మాట మళ్లీ వినిపించింది. ఏడాదంతా కోనసీమనే చూపించే చానల్లో మేజర్ డ్రెయిన్ ఒక్కసారి కూడా కనిపించకపోతే, ఆ చానల్ అబద్ధం చెప్పిందని ఎవరూ అనలేరు. దాన్ని చూసిన హైదరాబాదు మనిషికీ అమెరికా మనిషికీ మాత్రం డెల్టా అంటే మురుగు బాధ లేని పచ్చని తోట అన్న నమ్మకం మిగులుతుంది.

దీనికి పూర్తి విరుద్ధమైన సందర్భం వరద. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి వెళ్లిన రోజుల్లో, లంక గ్రామాల లోపలి పరిస్థితి బయటి లోకానికి ముందుగా తెలిసింది అక్కడివారి ఫోన్ల నుంచే. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక అని అధికారుల ప్రకటన చెబుతుంది. ఏ కాజ్‌వే మీద ఎంత లోతు నీరుంది, పడవ ఏ రేవులో ఆగుతోంది, పాల ప్యాకెట్లు ఎవరికి అందలేదు అన్నది మాత్రం ఆ ఊరి కుర్రాడి వీడియోలోనే దొరికింది. పెద్ద చానళ్లు తరవాత ఆ దృశ్యాలనే వాడుకున్నాయి. పాత వరదల దృశ్యాలను కొత్తవిగా తిప్పినవారూ లేకపోలేదు, ఆ గోల వేరు. మొత్తం మీద వరద నాడు ఈ వ్లాగర్లు పత్రిక చేయాల్సిన పని చేశారన్నది కాదనలేని మాట. నిన్నటిదాకా బిర్యానీని పొగిడినవాళ్లే అంత స్వతంత్రంగా ఎలా మాట్లాడగలిగారంటే, వరదకు యజమాని లేడు. నీటిని తప్పుగా చూపించావని నోటీసు పంపేవారూ లేరు. అధికారి మీద కోపం చూపించడం కూడా ఆ నాలుగు రోజులూ ఊరంతా మెచ్చే పనే.

ఆక్వా రంగం దగ్గరికి వస్తే అసలు కష్టం మొదలవుతుంది. వనామీ రొయ్య 2009లో దేశంలోకి వాణిజ్య సాగుకు వచ్చాక భీమవరం, ఉండి, ఆకివీడు నుంచి సముద్రతీర మండలాల దాకా వరి చేలు చెరువులయ్యాయి. మూడు నాలుగు నెలల పంట, ఎకరానికి లక్షల్లో పెట్టుబడి, అందులో అన్నిటికన్నా పెద్ద ఖర్చు మేత. వైట్ స్పాట్ తెగులు సోకితే రోజుల్లో చెరువు ఖాళీ చేయాల్సి వస్తుంది. ఇలాంటి పంటలో రైతుకు నమ్మకమైన సమాచారం ప్రాణావసరం. ఆ ఆకలిని పట్టుకుని ఆక్వా చానళ్లు పుట్టాయి. వాటిలో కొన్ని నిజంగా పనికొచ్చేవి. రోజువారీ కౌంట్ ధరలు చెబుతాయి, నీటి పరీక్ష ఎలా చేయాలో చూపిస్తాయి, 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు కొనుగోలుదారులు ఏ కౌంట్‌కు ఎంత తగ్గించారో రైతుల నోటనే చెప్పించాయి.

అదే చానల్లో వచ్చే మరో రకం వీడియోను కాస్త దగ్గరగా చూడాలి. చెరువు గట్టు, వెనకాల నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు, రైతు చేతిలో రొయ్యల తీరు చూసే చెక్‌ట్రే, అందులో ఎగురుతున్న రొయ్యలు. కిందటి పంట వైట్ గట్ తెగులుతో పోయిందని, ఈసారి ఫలానా ప్రొబయోటిక్ వాడాక సైజు బాగా వచ్చిందని, మేత మిగలడం లేదని రైతు చెబుతాడు. పక్కన శుభ్రమైన చొక్కా వేసుకుని నిలబడ్డ మనిషి మోతాదు చెబుతాడు. ఆయన టెక్నీషియనే, కాకపోతే ఆ కంపెనీ టెక్నీషియన్. చివర్లో ఫోన్ నంబరు వస్తుంది. ఇది రైతు విజయగాథలా మొదలై మందు అమ్మకంగా ముగుస్తుంది, మధ్యలో గీత ఎక్కడా ఉండదు. ఆ రైతుకు మందు ఉచితంగా ఇచ్చారా, లీజు ఎకరాలెన్ని, పక్క చెరువులో మందు వాడకుండా వచ్చిన దిగుబడి ఎంత, విత్తనం ఏ హేచరీది అని ఒక్క మాట కూడా అడగరు. పోల్చి చూపడానికి మందు వేయని చెరువు లేనప్పుడు ఆ సైజు మందు వల్ల వచ్చిందో, నీటి వల్ల వచ్చిందో, అదృష్టం వల్ల వచ్చిందో చెప్పడం ఏ శాస్త్రవేత్తకూ సాధ్యం కాదు. మేత నాణ్యత మీద రాష్ట్రం 2020లో ప్రత్యేక చట్టమే చేసింది. ఆ చట్టం కింద ఏ మేత నమూనా ఏమైందన్న వీడియో మాత్రం వెతికినా కనిపించడం కష్టం. చెరువు నీటిని శుద్ధి చేయకుండా పంట కాలువలోకి, డ్రెయిన్‌లోకి వదిలే సంగతిదీ అదే దారి. దాని మీద మాట్లాడితే మేత కంపెనీ ఒక్కటే కాదు, చూసే రైతు కూడా చానల్‌ను వదిలేస్తాడు. ప్రకటనదారుడి భయం కన్నా ప్రేక్షకుడి భయం ఎక్కువైన చోటు ఇది. పొగడ్తకు వెల కట్టవచ్చు గానీ, ఈ మౌనానికి ఎవరూ డబ్బివ్వక్కర్లేదు.

ఇక్కడ పత్రికలు మాత్రం కడిగిన ముత్యాలా అని అడిగితే, ఆ అడగడంలో న్యాయముంది. ఇదే డెల్టా ముఖద్వారంలో, రాజమహేంద్రవరంలో, 1874లో కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని మొదలుపెట్టి అధికారుల లంచాలను బయటపెట్టారు. ఆయన బతుకుతెరువు ఉపాధ్యాయ వృత్తి, పత్రిక కాదు. ఒక రకంగా ఆయన నిన్నటి బ్లాగరుకే దగ్గర. 1908లో ఆంధ్రపత్రికను స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం వ్యాపారి. నొప్పి మందు లాభాలతో పత్రిక నడిచింది, ఆ మందు ప్రకటనగానే కనిపించింది, ఎవరూ మోసపోలేదు. పత్రిక అన్నది మొదటి నుంచీ ఏదో ఒక వ్యాపారం భుజాల మీదే నడిచింది కాబట్టి, డబ్బు తీసుకోవడమే తప్పని వ్లాగరును నిలదీయడం అర్థంలేని పని.

తరవాతి కాలంలో ఆ గీత పత్రికల్లోనే చెరిగిపోయింది. మండల విలేకరికి లైన్ అకౌంట్ కింద, అంటే అచ్చయిన వరుసల లెక్కన, వచ్చేది పెట్రోలుకు చాలదు. కొత్త సంవత్సరానికి, ఆగస్టు పదిహేనుకు ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా అతనిదే, ఆ ప్రకటనలు ఇచ్చేదేమో అతను వార్త రాయాల్సిన కాంట్రాక్టరూ సర్పంచీ రైస్ మిల్లరూ. ప్రెస్ మీట్లో విలేకరుల చేతిలో డబ్బు కవరు పెట్టే సంస్కృతి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. 2009 ఎన్నికల తరవాత చెల్లింపు వార్తల మీద ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం నమూనా సర్వే చేసింది పశ్చిమ గోదావరి జిల్లాలోనే. అభ్యర్థుల నుంచి పత్రికలు వార్తల రూపంలో రాబట్టిన సొమ్ము రాష్ట్రం మొత్తం మీద వందల కోట్లు ఉంటుందని ఆ సంఘం అంచనా వేసింది. ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం 2010లో తయారు చేసిన నివేదికలో ఈ వ్యవహారం నమోదైంది. అంటే వ్లాగరు ఒక పవిత్రమైన వృత్తిని పాడు చేయలేదు, అప్పటికే అద్దెకు వెళ్లిన ఇంట్లో దిగాడు. తేడా ఒకటుంది: పత్రికలో ప్రకటనల విభాగం, వార్తల విభాగం వేరువేరు మనుషులు కావడం వల్ల లోపల కాస్తయినా పెనుగులాట జరిగే వీలుండేది. వ్లాగరు విషయంలో ఆ ఇద్దరూ ఒక్కడే.

చట్టం ఈ సంగతిని పట్టించుకోలేదని అనలేం. ప్రకటనల రంగం తనకు తానే ఏర్పరుచుకున్న భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021 జూన్ 14 నుంచి అమల్లోకి తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బు గానీ వస్తువు గానీ తీసుకుని చేసిన వీడియో మీద అది ప్రకటన అన్న గుర్తు ఉండాలి. పదిహేను సెకన్ల లోపు వీడియోలో కనీసం మూడు సెకన్లు, రెండు నిమిషాలు దాటినదానిలో ఆ వస్తువు ప్రస్తావన నడిచినంతసేపూ కనిపించాలి. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరి 20న ఇచ్చిన సూచనలు ఇంకా ముందుకు వెళ్లి, ఉచిత గది, ఉచిత ప్రయాణం, కుటుంబ సంబంధం కూడా చెప్పి తీరాల్సినవేనన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రచారానికి మొదటిసారి పది లక్షలు, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ప్లాట్ల వెంచర్ల విషయంలో 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం మరీ స్పష్టంగా ఉంది: 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టును రిజిస్ట్రేషన్ లేకుండా ప్రచారమే చేయకూడదు, మధ్యవర్తి కూడా నమోదై ఉండాలి. రాజమహేంద్రవరం, కాకినాడ శివార్లలో గేటెడ్ వెంచర్ గేటు ముందు నిలబడి, గజం ధర చెప్పి, కామెంట్లో నంబరు పెట్టే వ్లాగరు తాను కేవలం వీడియో తీశాననుకుంటాడు. ఆ నంబరుకు వచ్చిన ఫోన్ల మీద కమీషన్ తీసుకుంటే చట్టం దృష్టిలో అతను ఏజెంటే కావచ్చు. ఈ ఎరుక మన జిల్లాల్లో చాలా తక్కువ.

చట్టం చూడగలిగింది పొగడ్తను మాత్రమే. చెప్పని మాటకు ఏ గుర్తూ పెట్టమని ఎవరూ ఆదేశించలేరు. ఆ పొగడ్తను కూడా చాలావరకు ఫిర్యాదు వస్తేనే చూస్తుంది. డబ్బు ఒప్పందాన్ని సూచించే కొలాబ్ అన్న ముక్కను వివరణలో పదో వరుస కింద, ఇంగ్లీషులో, హ్యాష్‌ట్యాగుల గుంపులో పెట్టిన తెలుగు వీడియోను చూసిన గృహిణికి అది ప్రకటన అని తెలిసే దారి లేదు.

కోడిపందేల వీడియోలు ఈ మొత్తం వ్యవహారానికి ఒక వింత కొస. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, 1974 నాటి రాష్ట్ర జూద నిరోధక చట్టం రెండూ వాటిని నేరమంటాయి, హైకోర్టు కూడా అడ్డుకోమంది. అయినా భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ బరుల మధ్యలోంచే లైవ్ నడుస్తుంది: ఎల్ఈడీ తెరలు, ప్రత్యేక గ్యాలరీ, గెలిచినవాడికి ఇచ్చే కారో బుల్లెట్టో, పందెం మొత్తం. పోలీసులు ఎక్కడున్నారని చూపించినా అది పరిశోధనాత్మక వార్తే అయ్యేది, కోడి కత్తి తగిలి మనుషులు పోయిన ఘటనలు చెప్పినా వార్తే అయ్యేది. అవి వదిలేస్తే బరికి దారి చెప్పే వీడియోనే మిగులుతుంది. బెట్టింగ్ యాప్‌ల దగ్గర మాత్రం పరిస్థితి మారింది. 2025 మార్చిలో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు వాటిని ప్రచారం చేసిన ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, సినీ నటుల మీద కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బుతో ఆడే ఆటల ప్రకటనలనే నిషేధించి, రెండేళ్ల దాకా జైలు పెట్టింది. కేసు పడుతుందన్న భయం వచ్చాక ఆ ప్రచారం చాలామంది మానుకున్నారంటే, అంతకుముందు అడ్డుకోవాల్సిన విచక్షణ ఎక్కడికి పోయిందన్నది అడగాల్సిన ప్రశ్నే.

నోరు తెరిచినవాడికి వచ్చే కష్టం కూడా తక్కువదేమీ కాదు. పరువు నష్టం నోటీసుకు జవాబివ్వడానికి పత్రికకు లాయరుంటాడు, వ్లాగరుకు బావమరిది ఉంటాడు. ప్రభుత్వం విలేకరికి ఇచ్చే అక్రెడిటేషన్ కార్డు లేదు కాబట్టి ఆఫీసులో అడిగిన ప్రశ్నకు జవాబు రాదు. ఒక కాపీరైట్ ఫిర్యాదుతో వీడియో పోతుంది, మూడు పడితే చానలే పోతుంది. నెట్ ఆగితే ఈ మాధ్యమమే ఆగిపోతుంది. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ నిలిపేసినప్పుడు, ఇంట్లో కూర్చున్న మనిషికి నమ్మదగిన కబురు పొద్దున వచ్చే కాగితం మీదే దొరికింది.

ఎన్నికల వేళ ఈ వ్యవహారం మళ్లీ లెక్కల్లోకి వస్తుంది. సామాజిక మాధ్యమాల ప్రచారాన్ని అభ్యర్థి ఖర్చులో చూపాలని, అక్కడి ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ తీసుకోవాలని ఎన్నికల సంఘం 2013 అక్టోబరులోనే ఆదేశించింది. జిల్లా స్థాయి మీడియా పరిశీలన కమిటీలు చెల్లింపు వార్తలను కాలమ్ సెంటీమీటర్లలో కొలిచి అభ్యర్థి ఖాతాలో రాయగలవు. నాయకుడి పక్కన కారులో కూర్చుని, ఆయన చిన్నప్పటి ఊరు, ఆయన తినే పెసరట్టు, ఆయన పెంచుకునే పుంగనూరు ఆవు చూపిస్తూ నలభై నిమిషాలు సాగే వీడియోను మాత్రం ఏ కొలబద్దతో కొలవాలో తేల్చడం వాటికి అంత తేలిక కాదు. చేతులు మారిన డబ్బుకు రసీదు ఉండదు. అందులో ఓటు వేయమన్న మాట ఉండదు. డ్రెయిన్ ప్రస్తావన ఎలాగూ ఉండదు.